రికార్డుల ప్రక్షాళన: యంత్రానికి ఇచ్చే రాతలో ఏముండాలి?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ప్రక్షాళన అంటే 2017 సెప్టెంబరు 15న మొదలైన భూ రికార్డుల ప్రక్షాళనే. ఆ డిసెంబరు ఆఖరుకల్లా ముగించాలని గడువు పెట్టుకుని రెవెన్యూ బృందాలు ఊరూరా కూర్చున్నాయి. పహాణీలు, 1-బీ రిజిస్టర్లు తిరగేశాయి. తగాదా లేని ఖాతాలను పార్ట్-ఏలో, తగాదా ఉన్నవాటినీ లెక్క తేలనివాటినీ పార్ట్-బీలో పెట్టాయి. కొత్త పాసు పుస్తకాలు అచ్చయింది ఆ జాబితా ప్రకారమే. 2018 మే 10న హుజూరాబాద్ మండలం శాలపల్లి-ఇందిరానగర్‌లో రైతుబంధు పెట్టుబడి సాయం మొదలైనప్పుడు ఎకరాకు 4,000 రూపాయల చెక్కు ఎవరి చేతికి వెళ్లాలో తేల్చిందీ ఆ జాబితాయే. రాష్ట్రం మొత్తం మీద పార్ట్-బీలో పడ్డ భూమి సుమారు 18 లక్షల ఎకరాలని అప్పటి లెక్క. ఆ భూముల రైతుల్లో ఎంతోమందికి చెక్కు రాలేదు, పుస్తకం రాలేదు. తమ సర్వే నంబరు అటువైపు ఎందుకు వెళ్లిందో చెప్పే కాగితం కూడా రాలేదు.

ఈ వ్యాసం ఆ చివరి కాగితం గురించి.

అప్పుడు ఆ పని చేసింది మనుషులు. ఇప్పుడు అదే తరహా పని చేయగల పనిముట్లు ఏఐ ఏజెంట్ల చేతికి వస్తున్నాయి. డేటాబేస్ తెరిచి, ఒకే మనిషికి రెండు వరుసలుంటే కలపడం, ఖాళీ గడులు నింపడం, లెక్క కుదరనిచోట దిద్దడం, దేనికీ ముడిపడని వరుసలను తొలగించడం వాటి పని. ఏజెంటుకు ఒక్క వాక్యంలో పని చెబితే చాలు, ఏ అడుగు తర్వాత ఏ అడుగు వేయాలో అదే తేల్చుకుంటుంది. ఇలాంటి పనిముట్టు మంచిదా కాదా అన్న చర్చ సాధారణంగా వేగం మీద, కచ్చితత్వం మీద సాగుతుంది. నా దృష్టిలో మొదట చూడాల్సింది దాని వెంట వచ్చే రాతని, అంటే డాక్యుమెంటేషన్‌ని. ఏది తప్పు కింద లెక్క, ఏ నియమం ప్రకారం దిద్దుతారు, దిద్దినదాన్ని వెనక్కి తేవడం ఎలా అన్న మూడూ రాసి లేని పనిముట్టును పట్టాదారు పేరున్న ఏ రికార్డు మీదా నడపకూడదు.

మనిషి చదివే చేతిపుస్తకానికీ, ఏజెంటు చదివే చేతిపుస్తకానికీ పెద్ద తేడా ఉంది. పుస్తకంలో ఒక ముక్క అర్థం కాకపోతే జూనియర్ అసిస్టెంటు పక్క సీటాయనను అడుగుతాడు, లేదంటే ఫైలు పక్కన పెడతాడు. ఏజెంటుకు మాత్రం ఆ రాతే ఆదేశం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌నే చూడండి. అందులో ప్రతి పనిముట్టుకూ ఒక పేరు, ఒక వర్ణన, ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే పట్టిక ఉంటాయి. మోడల్ వాటిని చదివే ఏ పనిముట్టు వాడాలో, ఎలా వాడాలో నిర్ణయించుకుంటుంది. ఈ పనిముట్టు చదవడానికేనా, చెరిపేదా అని సూచించే గుర్తులను కూడా తర్వాత చేర్చారు. అవి సూచనలే, వాటిని గుడ్డిగా నమ్మవద్దని ఆ ప్రమాణమే చెబుతోంది. అంటే వర్ణనలో ఒక వాక్యం రెండు అర్థాలు ఇస్తే, ఏజెంటు అందులో ఒక అర్థాన్ని పట్టుకుని లక్ష వరుసల మీద అమలు చేసేస్తుంది.

చాలా పనిముట్ల రాతలో ఎలా ఇన్‌స్టాల్ చేయాలో ఉంటుంది, ఏయే కమాండ్లు ఉన్నాయో ఉంటుంది. పదో పన్నెండో వరుసల ముచ్చటైన ఉదాహరణా ఉంటుంది. డూప్లికేట్ అంటే వారి లెక్కలో ఏమిటో ఉండదు. ఒక వరుసను తొలగిస్తే దానికి ముడిపడ్డ మిగతా పట్టికల్లో ఏం జరుగుతుందో ఉండదు. పట్టాదారు వరుస వెనుక పంట రుణం, 2018 ఆగస్టులో మొదలైన రైతుబీమా నామినీ, పెట్టుబడి సాయం జమయ్యే బ్యాంకు ఖాతా వేలాడుతుంటాయి. డేటాబేస్‌ను కట్టిన తీరును బట్టి పై వరుస పోతే కిందివి వాటంతట అవే పోవచ్చు, లేదా దిక్కులేకుండా మిగలవచ్చు. రెండిట్లో ఏది జరుగుతుందో రాయని పుస్తకం సగం పుస్తకమే.

ఈ లోపం ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ప్రపంచంలో రెండు ఘటనలు చాలు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు నకలు సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాను తొలగించారు. సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీయే మిగిలింది. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఏదీ సరిగా పనిచేయడం లేదని అప్పుడు గానీ తెలియలేదు. ఆరు గంటల కిందటి కాపీ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి లోకానికి చూపడం ఆ సంస్థ చేసిన గొప్ప పని. రెండోది 2025 జూలైలో జరిగింది. రెప్లిట్ సంస్థ ఏఐ ఏజెంటు, మార్పులేవీ చేయొద్దని చెప్పిన సమయంలోనే, జేసన్ లెమ్కిన్ అనే వ్యాపారవేత్త డేటాబేస్‌ను తుడిచిపెట్టింది. 1,206 మంది అధికారుల వివరాలు, 1,196 కంపెనీల వివరాలు అందులో ఉన్నాయి. వెనక్కి తేవడం కుదరదని కూడా ఆ ఏజెంటు చెప్పింది. ఆయన ప్రయత్నిస్తే వెనక్కి వచ్చాయి. వెనక్కి తెచ్చే దారి ఉన్నా ఆ సంగతి ఏజెంటుకే తెలియలేదు. పరీక్షకు వాడే డేటాబేస్‌ను, అసలు డేటాబేస్‌ను విడదీసే ఏర్పాటు చేస్తామని సంస్థ అధిపతి ఆ తర్వాత ప్రకటించారు.

అవి కంపెనీల డేటాబేసులు. మన రికార్డు దగ్గరికి వస్తే చిక్కు మరింత లోతైనది, ఎందుకంటే ఇక్కడ తప్పులా కనిపించేది చాలాసార్లు తప్పు కాదు.

పహాణీలో విస్తీర్ణం గడిని చూడండి. 5.00 అని ఉన్న సర్వే నంబరును ముగ్గురు అన్నదమ్ములు పంచుకున్నారనుకుందాం. వారి పేర్ల ఎదుట 1.30, 1.30, 1.20 అని ఉంటుంది. మన పల్లెలో ఎవరిని అడిగినా లెక్క సరిపోయిందంటారు. చుక్కకు ముందున్నవి ఎకరాలు, తర్వాతివి గుంటలు. 40 గుంటలైతే ఎకరం. మూడెకరాలకు 80 గుంటలు కలిస్తే ఐదెకరాలు. ఆ సంగతి రాసిపెట్టని పనిముట్టుకు ఇవి దశాంశాలు. అది కూడితే 3.80 వస్తుంది. మొత్తానికీ భాగాలకూ 1.20 తేడా ఉందని గుర్తిస్తుంది. మంచి ఏజెంటైతే ఆగి అడుగుతుంది. తేడాలు సరిచేయమన్న ఆదేశం మీద నడుస్తున్నదైతే మొత్తాన్ని 3.80కి తగ్గిస్తుంది, లేదా మిగులు భూమి అని ఒక కొత్త వరుస పుట్టిస్తుంది. విస్తీర్ణం ఎకరాల్లో, గుంటల్లో ఉందన్న ఒక్క వాక్యం స్కీమా (పట్టిక నిర్మాణం) పక్కన రాసి ఉంటే ఈ బెడద లేదు.

సబ్ డివిజన్ల సంగతీ అంతే. 245/అ, 245/ఆ, 245/ఇ, 245/ఈ అని మన రికార్డు నడుస్తుంది. ఇంగ్లిషు లిపిలోకి మారినప్పుడు అ అనేది ఏ అయింది, ఆ అనేది ఏఏ అయింది, ఈ అనేది ఈఈ అయింది. అక్షరాల పొరపాట్లు దిద్దే ఏ మామూలు పనిముట్టుకైనా ఏఏ అంటే వేలు రెండుసార్లు పడ్డ ఏ. రెండూ ఒకటే అని కలిపేస్తే అన్న పొలంలో తమ్ముడి పొలం కలిసిపోతుంది. దీర్ఘం తేడాతో రెండు కుటుంబాల బతుకులు వేరవుతున్నాయని యంత్రానికి ముందుగా చెప్పి ఉంచాలి. ఎవరు చెప్పాలి? ఆ పట్టికను కట్టినవారు, దాన్ని రోజూ వాడే తహసీల్దారు కార్యాలయం వారు కలిసి కూర్చుని రాయాలి. పనిముట్టు అమ్మిన సంస్థకు ఇది తెలిసే అవకాశమే లేదు.

భూమి రకాల గడిలో కనిపించే మాటలు కూడా అంతే. పట్టా, లావుణి పట్టా, ఇనాం, ఖరీజ్ ఖాతా, సివాయి జమేదార్, గైరాన్. ఒక్కోదానికి ఒక్కో చట్టపరమైన స్థితి ఉంది. లావుణి పట్టా ప్రభుత్వం ఇచ్చిన భూమి. దాన్ని పట్టా అనే మాటకు ఇంకో రూపం అనుకుని ఒకే పేరు కిందికి తెస్తే, అమ్మకూడని భూమి అమ్ముకోదగిన భూమి అవుతుంది. 2017 నాటి ప్రక్షాళనలో చాలా సర్వే నంబర్లు పార్ట్-బీకి వెళ్లడానికి కారణం ఆర్ఎస్ఆర్ తేడా. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో ఉన్న విస్తీర్ణానికీ, పాసు పుస్తకాల మొత్తానికీ పొంతన లేకపోవడమే ఆ తేడా. దాని వెనుక ఎప్పుడో కొలవకుండా చేసుకున్న పంపకాలు ఉండొచ్చు, కాలువకు పోయిన భూమి ఉండొచ్చు, చేతిరాతలో జారిన అంకె ఉండొచ్చు. యంత్రానికి ఇవన్నీ ఒకే తేడాగా కనిపిస్తాయి.

కరీంనగర్ వైపు కాలువల భూమి మీద వచ్చిన చిక్కు ఇలాంటిదే. కాకతీయ కాలువ, దిగువ మానేరు, మధ్య మానేరు, ఎల్లంపల్లి, సింగరేణి గనుల కోసం ఎన్నో సర్వే నంబర్లలో కొంత కొంత భూమి సేకరించారు. భూ రికార్డుల పోర్టల్ ధరణిలో, రిజిస్ట్రేషన్లు కుదరని భూముల నిషేధిత జాబితా తయారైనప్పుడు సేకరించిన ముక్కకు బదులు సర్వే నంబరు మొత్తం అందులో పడిందన్న ఫిర్యాదు రాష్ట్రమంతా వినిపించింది. పది గుంటలు కాలువకు ఇచ్చిన రైతు మిగతా నాలుగెకరాలను కూతురి పెళ్లికి అమ్ముకోలేకపోయాడు. నిషేధం గడి సర్వే నంబరుకు వర్తిస్తుందా, ఉపవిభాగానికి వర్తిస్తుందా అన్నది డేటాబేస్ కట్టేటప్పుడు తేల్చి రాసి, సామాన్యుడికీ చూపించాల్సిన విషయం.

ఆదిలాబాద్ వైపు వెళ్తే పేర్లు ఇంకో చిక్కు. ఆత్రం, కుమ్ర, మడావి, సిడాం వంటి ఇంటిపేర్లు ఒకే గూడెంలో పదుల కుటుంబాలకు ఉంటాయి. భీంరావు, లక్ష్మణ్, జంగు వంటి పేర్లూ మళ్లీమళ్లీ వస్తాయి. తండ్రి పేరు కూడా కలిసిపోవడం అరుదేమీ కాదు. నిజాం కాలపు రికార్డు ఉర్దూలో ఉంది. సరిహద్దు ప్రాంతాల్లో మరాఠీ వాడుక ఉంది. తర్వాత తెలుగులోకి మార్చారు, ఆధార్ కోసం ఇంగ్లిషులో రాశారు. ఇన్ని చేతులు మారిన పేరు ఒకే మనిషికి నాలుగు రూపాలు తెచ్చిపెడుతుంది, నలుగురికి ఒకే రూపమూ తెచ్చిపెడుతుంది. పేర్ల పోలికను నూటికి ఇంత అని కొలిచి కలిపే పనిముట్టు ఏ అంకె దాటితే కలుపుతుందో, ఆ అంకెను ఏ ఊరి పేర్ల మీద పరీక్షించి పెట్టుకుందో రాసి ఉండాలి. హైదరాబాద్ పేర్ల మీద సరిపోయిన అంకె ఉట్నూరు మీద సరిపోతుందన్న భరోసా లేదు.

అన్నిటికన్నా గట్టి పరీక్ష కెరమెరి మండలంలో ఉంది. పరంధోళి, ముకదంగూడ, మహరాజ్‌గూడ, అంతాపూర్ వంటి సుమారు 12 గ్రామాలు తమవంటే తమవని తెలంగాణ, మహారాష్ట్ర రెండూ అంటున్నాయి. అటు చంద్రపూర్ జిల్లా, ఇటు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా. అక్కడి జనానికి రెండు రాష్ట్రాల ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు ఉన్నాయి. రెండు ప్రభుత్వాల బడులు ఉన్నాయి, ఇద్దరు సర్పంచులు ఉన్నారు. డూప్లికేట్లు ఏరే ఏ యంత్రానికైనా ఆ గ్రామాలు నూటికి నూరు పాళ్లూ మోసంగా కనిపిస్తాయి. ప్రభుత్వాలు దశాబ్దాలుగా తేల్చలేని సరిహద్దు తగాదాను ఒక డిలీట్ కమాండుతో తేల్చే అధికారం పనిముట్టుకు లేదని రాతలో ఉండాలి. ఇలాంటి ఊళ్ల పేర్లను ముట్టకూడనివాటి జాబితాలో ముందే పెట్టాలి.

ఇదంతా ఊహ అనుకోవద్దు. మన రాష్ట్రంలోనే సమగ్ర వేదిక అనే వ్యవస్థ నడిచింది. వేర్వేరు శాఖల డేటాబేసులను కలిపి, ఒకే మనిషికి సంబంధించిన వివరాలన్నీ ఒకచోటికి చేర్చి, సంక్షేమ పథకాల్లో అనర్హులను ఏరడం దాని పని. తెలంగాణలో 2016 తర్వాత రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల మీద సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో క్షేత్రస్థాయి పరిశీలన జరపమని ఆదేశించింది. ఆ తర్వాత పరిశీలన పూర్తయిన సుమారు 2.06 లక్షల దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులని తేలింది. నూటికి ఏడున్నర మంది. అంటే వేల కుటుంబాల బియ్యం ఆగిపోయింది, కార్డు రద్దుకు ముందు నోటీసు అందలేదు. యంత్రం ఏ పోలిక మీద వారిని కారున్నవారిగానో, ఉద్యోగం ఉన్నవారిగానో అనుకుందో వారికి చెప్పే రాత బయట లేదు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2024లో దీన్ని బయటి నుంచి పరీక్షించే ప్రయత్నం చేసి, లోపలి పనితీరు చూసే వీలు లేకపోవడమే పెద్ద అడ్డంకి అని రాసింది. నూటికి ఏడున్నర అన్న అంకె కంప్యూటరు ప్రయోగశాలలో చిన్నది. కార్డు పోయిన ఇంటి పొయ్యి దగ్గర అది మొత్తం.

మనకు రాసే సంప్రదాయమే లేదంటే నేను ఒప్పుకోను. నిజాం కాలం నుంచి నడిచిన రెవెన్యూ లెక్కల్లో ఫైసల్ పట్టి అనే రిజిస్టరు ఉండేది. ఆ ఏడాది ఆమోదం పొందిన మార్పులు అందులో ఎక్కేవి. సేత్వార్ మూల రికార్డు. సర్వే నంబరు చీలితే సప్లిమెంటరీ సేత్వార్ వచ్చేది. 1954-55 ఖాస్రా పహాణీ, ఆ వెంటనే వచ్చిన చెసాలా పహాణీ పక్కపక్కన పెడితే ఒక పొలం కథ వరుసగా కనిపిస్తుంది. నేటి సాఫ్ట్‌వేర్ వాళ్లు మార్పుల లాగ్ అని పిలిచేది ఇదే. అందులో అన్యాయాలు లేవని కాదు. ఎక్కించిన చేయి పట్వారీది, ఆ చేయి ఎవరివైపు వంగిందో తెలంగాణ చరిత్ర చెబుతుంది. అయినా వంగిన సంగతి పట్టుకోవడానికి కూడా ఆ రిజిస్టరే ఆధారం. నేటికీ కోర్టులో వాదన మొదలయ్యేది ఖాస్రా పహాణీ నకలుతోనే.

నష్టం ఇంకోచోట జరిగింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. పోవాల్సిందే. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ పోయింది. రెండుసార్లూ, రికార్డులో ఎక్కని ఊరి పరిజ్ఞానం వారి తలల్లోనే ఉండి వారితోనే వెళ్లింది. ఏ సర్వే నంబరు ఎందుకు అలా ఉందో రాయించి తీసుకుని అప్పుడు పంపాల్సింది. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణికి ఆ పరిజ్ఞానం అందలేదు. భూమి ఎవరి సాగులో ఉందో చూపే అనుభవదారు కాలమ్ అంతకు ముందే పోయింది కాబట్టి కౌలు రైతు, తెల్ల కాగితపు ఒప్పందమైన సాదా బైనామా మీద కొన్న రైతు తెర మీద లేరు. సాదా బైనామాల కోసం 2020 చివర్లో వచ్చిన దరఖాస్తులు సుమారు 9 లక్షలంటే తెర మీద లేని భూమి ఎంతో ఊహించవచ్చు.

ధరణిలో తప్పులు దిద్దుకునే దారులకు మాడ్యూళ్లని పేరు పెట్టి నంబర్లు ఇచ్చారు. టీఎం-33 అన్న మాట కరీంనగర్ పల్లెల్లో చదువురాని రైతుకూ తెలుసు. ఏ తప్పుకు ఏ మాడ్యూలులో వెళ్లాలో చెప్పే తేలిక పుస్తకం లేకపోవడంతో ఆ పుస్తకం పాత్రను మీసేవ కేంద్రాలు, కార్యాలయాల బయట కూర్చునే రాతగాళ్లు పోషించారు. తిరస్కరించారన్న సందేశం ఫోనుకు వచ్చేది, ఎందుకో వచ్చేది కాదు. 2024 మార్చిలో పెండింగు దరఖాస్తుల కోసం ప్రత్యేక డ్రైవ్ నడిపినప్పుడు కొన్ని అధికారాలను కలెక్టరు నుంచి కింది అధికారులకు ఇచ్చారు. తిరస్కరిస్తే కారణం రాయాలన్నారు. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ధరణి నిర్వహణ ప్రైవేటు సంస్థ నుంచి ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌ఐసీకి మారింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. అప్పీలుకు మళ్లీ చోటు దొరికింది, ఊరికి గ్రామ పాలన అధికారి వచ్చారు. ఇవి మంచి మార్పులని నా నమ్మకం. అప్పీలు ఉన్నచోట కారణం రాయక తప్పదు, కారణం రాసినచోట తర్వాత వచ్చే యంత్రానికీ పాఠం దొరుకుతుంది.

ఏజెన్సీ ప్రాంతంలో రాతకు ఇంకో బాధ్యత ఉంది. 1940లో జోడేఘాట్ దగ్గర కుమ్రం భీం పోరాటాన్ని అణిచివేసిన తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపించి పరిస్థితి తెలుసుకుంది, ఆదివాసులకు పట్టాలిచ్చే పని ఆ దశాబ్దంలో జరిగింది. తర్వాత 1/70 భూ బదలాయింపు చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి ఆదివాసీయేతరుడి పేరు మీదికి మారడానికి వీల్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు వచ్చాయి, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మరో విడత పంపిణీ మొదలైంది. ఆ హక్కుపత్రాలు మామూలు పట్టాల పట్టికలో ఇమిడేవి కావు. వారసులకు చెందుతాయి గానీ అమ్మకానికి పనికిరావు. ఖాళీ గడులు నింపే ఏజెంటు ఇలాంటి వరుసలో పట్టాదారు గడి ఖాళీగా ఉందని అనుభవదారు పేరు ఎక్కించినా, అడవి రికార్డుతో పొంతన లేదని తొలగించినా అది పొరపాటు స్థాయి దాటి చట్ట ఉల్లంఘన అవుతుంది. ఏ గడిని ఏ చట్టం కాపాడుతోందో స్కీమాలోనే రాయాలి.

అందుకే ఇలాంటి పనిముట్టు ఎవరైనా జిల్లా కార్యాలయానికి తెస్తే నేను మొదట అడిగేది ప్రయోగాత్మకంగా నడిపినప్పుడు వచ్చిన జాబితాను. ఏదీ మార్చకుండా, ఏవేవి మార్చాలనుకుంటోందో అది చూపాలి. ఆ జాబితాను గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. 2017 ప్రక్షాళనలో జాబితాను ఊళ్లో చదివి వినిపించిన పద్ధతి ఇందుకు పనికొస్తుంది. ఆ తర్వాత ప్రతి మార్పుకూ పాత విలువ, కొత్త విలువ, వర్తించిన నియమం, ఒప్పుకున్న అధికారి, తేదీ ఉన్న ఒక వరుస మిగలాలి. పాత విలువను ఎన్నేళ్లు ఉంచుతారో కూడా చెప్పాలి. భూమి తగాదా ఒక తరం తర్వాత పైకి లేస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్ కంపెనీలు బ్యాకప్‌లకు పెట్టుకునే నెలల గడువు ఇక్కడ చెల్లదు. వెనక్కి తేవడాన్ని ఏడాదికోసారి నిజంగా చేసి చూడాలి. గిట్‌ల్యాబ్‌లో ఆ రాత్రి ఏర్పాట్లన్నీ కాగితం మీద ఉన్నాయి, చేసి చూసినవారు లేరు.

భాష విషయం తేలికగా తీసుకునేది కాదు. పనిముట్టు పుస్తకం ఇంగ్లిషులో ఉండటానికి ఏజెంటుకు అభ్యంతరం లేదు. కానీ భూభారతిలో ఆర్డీవో ముందు అప్పీలుకు నిలబడే రైతు చేతిలో ఉండాల్సింది తన సర్వే నంబరు మీద ఏం జరిగిందో చెప్పే తెలుగు నకలు. ఆసిఫాబాద్, ఉట్నూరుల్లో గోండీ మాట్లాడేవారికి, బాసర, బోథ్ వైపు మరాఠీ మాట్లాడేవారికి చదివి చెప్పేవారిని కూడా ఏర్పాటు చేయాలి. ఆ నకలు ఇవ్వడానికి లాగ్‌లోని వరుస నుంచి నోటీసు తయారుచేసే చిన్న ప్రోగ్రాం సరిపోతుంది. ఏజెంటుకు లక్ష వరుసలు మార్చే తెలివి ఉన్నప్పుడు, మార్చిన ప్రతి వరుసకూ ఒక తెలుగు కాగితం రాసే పనిని కూడా దానికే అప్పగించవచ్చు. ఆ కాగితం పట్టాదారుకు ముట్టి, అభ్యంతరానికి ఇచ్చిన గడువు ముగిసేదాకా డేటాబేస్‌లో పాత విలువే అమల్లో ఉండాలి.